దొర నోట మా మామ మాట

ఆ ఎండాకాలం మా ఇంటి గుట్టు మా ఇంట్లో నిలవలేదు.

మొదట బావి దగ్గర తెలిసింది. నేను నీళ్లు తోడుకుంటుంటే పక్కింటి ఎలిశబెతక్క బిందె కింద పెట్టి, "ఏంమే ఏసుమణీ, స్నానాల దడికి గొళ్లెం లోపల బిగించమంటే బయట బిగించే మనిషి మీ ఇంట్లో ఎవురు?" అని అడిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నా చేతిలో చేద జారి బావిలో పడింది.

గొళ్లెం బయట బిగించింది మా మామ అబ్రహాము. ఒక ఆదివారం ఆయన లోపల స్నానం చేస్తుంటే మా అత్త అలవాటు చొప్పున గొళ్లెం వేసి గుడికి వెళ్లిపోయింది. ఆమె తిరిగి వచ్చేదాకా ఆయన లోపల నిలబడి, వచ్చిన కీర్తనలన్నీ పాడుకుంటూ ఉన్నాడు. ఈ సంగతి మా నలుగురికీ తప్ప పురుగుక్కూడా తెలియదు. ఆ నలుగురిలో మా మామ పోయి అప్పటికి ఏడాది. మా అత్త మగ్దలీనమ్మ చెప్పదు. ఆమె మిషను తరఫున ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషి, పరువు అంటే ప్రాణం. నేను చెప్పలేదు. ఇక మిగిలింది మా ఆయన, పేరు సమాధానం. ఆయనకు బోగోలు బజారులో టైలరు అంగడి. కూరలో ఉప్పు తక్కువైతే నోటితో చెప్పే రకం కాదు, చెయ్యి చాపి చూపించేవాడు. అలాంటి మనిషి ఊరికంతా కథలు చెప్పాడంటే ఎవరు నమ్ముతారు?

అసలు మా ఇంట్లో మాటలన్నీ మా అత్తవే. మా మామకు పక్షవాతం వచ్చి మాట పడిపోయాక మరీనూ. ఆయన పోయే ముందు కొన్ని నెలలు నోట మాట లేకుండానే గడిచింది. అప్పుడు ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. "ఆకలేస్తుందా? ఎందుకెయ్యదు, పొద్దున తాగిన గంజేగా," అని తనే అడిగి తనే జవాబు చెప్పుకునేది. ఆయన పోయాక ఆయన ఊసు ఎత్తడం మానేసింది. మేమూ ఎత్తలేదు. అన్నం దగ్గర ఆమె అందరం తినేదాకా ఆగి, ఆఖరున ఏదో ఇంత ఎంగిలిపడేది.

"మీ గుట్టు ఎట్టా బయటపడిందో తెలుసుకోవాలని ఉంటే నాతో రా," అంది ఎలిశబెతక్క. "మీ అత్త కావలిలో ప్రార్థన కూటాలకు పోయింది గదా. మళ్లా దొరకదు ఇట్టాంటి సందు."

ఆమె నన్ను తీసుకువెళ్లింది కామాక్షయ్య డేరాకు.

వరికోతలు అయిపోయాక కామాక్షయ్య ప్రతి ఏడూ మా ఊరికీ రైల్వే స్టేషనుకూ మధ్య ఉన్న బీడు నేలలో సినిమా డేరా వేసేవాడు. మా సంఘంలో డేరా పేరెత్తితే పాపం. సాయంత్రం అక్కడ రికార్డు పెడితే మా అత్త కిటికీ తలుపులు మూసేది. ఆ పాట తలుపు సందులోంచి వచ్చినా నాకు వినడానికి బాగానే ఉండేదన్నది వేరే విషయం.

మేము ముసుగులు కప్పుకుని ఆడవాళ్ల వైపు ఇసుకలో కూర్చున్నాము. నడుమెత్తు మట్టిగోడకు అవతల మగవాళ్లు. బిట్రగుంట రైల్వే వాళ్లు డ్యూటీ దిగి క్యారియర్లతో సహా వచ్చేశారు. అసలు బొమ్మకు ముందు ఒక చిన్న నవ్వుల రీలు వేస్తారట. మద్రాసులో ఎవరో అటక మీద పడేసిన పాత రీళ్లు, మాటలు లేనివి. అన్నిట్లోనూ ఒకే దొర, ఒకే దొరసాని. దొర ఇంట్లో ఏదో ఒకటి బాగుచేయబోతాడు, ఇల్లు గుల్ల చేస్తాడు. అంతే కథ.

ఆ రోజు దొర గోడకు బల్ల కొడుతున్నాడు, దొరసాని పింగాణీ సామాను పెట్టుకోవడానికి. నోట్లో నాలుగు మేకులు, చేతిలో సుత్తి. దొరసాని వచ్చి నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది. అప్పుడు తెర వెనక నుంచి మైకులో మాట వచ్చింది.

"మే, కంగారు పడబాక. నేనుండా గదా."

అది మా మామ గొంతు. అదే నిదానం, 'మే' దగ్గర అదే సాగదీయడం.

దొరసాని నోరు తెరిచింది. "నువ్వుండావనే గదయ్యా నా బయం!"

ఇది మా అత్త. డేరా అంతా గొల్లుమంది. దొర కొట్టిన మేకు గోడ అవతలికి దిగి, పక్క గదిలో కుర్చీలో కూర్చున్న ముసలి దొరసాని జుట్టులో గుచ్చుకుంది. ఆమె లేచేసరికి జుట్టు జుట్టంతా ఊడి గోడకు వేలాడింది. బల్ల ఒక పక్కకు ఒరిగింది. గిన్నెలు ఒకదాని వెనక ఒకటి వరసగా జారుకుంటూ వెళ్లి కింద పడ్డాయి. "ఓ ప్రభువా, ఈ మనిషిని నాకెందుకిచ్చినావయ్యా!" అన్నది దొరసాని. అది మా అత్త రోజుకు పదిసార్లు అనే మాట. నేను నవ్వి నవ్వి ఎలిశబెతక్క ఒళ్లో పడ్డాను. కడుపులో నొప్పి పుట్టింది. గొళ్లెం సంగతీ ఇలాగే దొర నోట ఊరికి చేరిందన్నమాట. నవ్వు ఆగాక భయం పట్టుకుంది. ఈ సంగతి మా అత్త చెవిన పడితే?

ఇంటికి వచ్చాక అన్నం పెడుతూ, తెర వెనక ఆ రెండు గొంతులూ తనవేనా అని అడిగాను. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"డేరా గుడ్డ చినిగితే కుట్టమని పిలిచినాడు కామాక్షయ్య," అన్నాడు చివరకు. "నేను కింద కూసోని కుడతా ఉండా. వాళ్లు రీలు ఏసి చూసుకుంటుండారు. ఆ దొర నిచ్చెన ఎత్తుకోని ఇంట్లోకి వచ్చినాడు, అది వాకిట్లో ఇరుక్కుంది. నాకు నాయనే కనపడినాడు ఏసుమణీ. నాకు తెలీకుండానే నోట్లోంచి ఆయన మాట వచ్చేసింది. కామాక్షయ్య ఎగిరి గంతేసినాడు."

"అత్తకు తెలిస్తే?"

"తప్పేనని నాకూ తెలుసు." చేతిలో ముద్ద మళ్లీ కంచంలో పెట్టాడు. "మొన్న నాయన గొంతు ఎట్టా ఉండిందా అని ఆలోచిస్తే గుర్తు రాలా. శానా బయమేసింది. ఆడ తెర వెనక నిలబడితే మాత్రం వస్తుండాది."

పెళ్లయిన ఇన్నాళ్లలో ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు.

మా అత్త కావలి నుంచి వచ్చింది. వచ్చీ రాగానే స్త్రీల కూటంలో డేరా మీద విరుచుకుపడింది. "అది సాతాను గుడారం, ఆడికి పోయే కాళ్లు నరకానికే పోతాయి," అని ఆమె చెబుతుంటే, ముందు వరసలో వాళ్లు నేల చూపులు చూశారు. వెనక వరసలో వాళ్లు దగ్గు నటించారు. ఊళ్లో మా అత్తకు తప్ప అందరికీ తెలుసు. అయితే ఆమె నోటికి జడిసి ఒక్కరూ చెప్పలేదు.

చివరికి చెప్పింది పిల్లలు. కాపుల ఇంట్లో కూర్చుని వాక్యం చెబుతుండగా ఆ ఇంటి కోడి వచ్చి ఆమె సంచిలో తల పెట్టింది. "ఓ ప్రభువా..." అన్నదో లేదో, చుట్టూ మూగిన పిల్లలంతా ఒక్కసారిగా "ఈ మనిషిని నాకెందుకిచ్చినావయ్యా!" అని అందుకున్నారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, దొరసాని అంటుందన్నారు. ఏ దొరసాని అంటే, డేరాలో దొరసాని అన్నారు. ఆమె ఒక్కో ప్రశ్నా అడిగి మొత్తం రాబట్టింది.

ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఎప్పుడూ అంత తక్కువ మాట్లాడగా చూడలేదు నేను.

"నీకు తెలుసునా?"

"తెలుసు అత్తా."

లోపలికి వెళ్లి బట్టలు మూట కట్టుకుంది. "ఈ రోజు నేనే పోయి నా చెవులతో వింటా. ఆయన పేరు, నా పేరు వాడు బజారులో పెట్టి ఊరిచేత నవ్విస్తుంటే ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను. ఆణ్ణించి ఆణ్ణే దొరవారిసత్రం మా చెల్లెలింటికి పోతా. మళ్లా ఈ గడప తొక్కను. నువ్వు ముందుగా వాడికి కబురు పెట్టినావంటే నీకూ నాకూ మాటల్లేవు."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. అది నాకు తెలుసు. ఇల్లు పీకి పందిరి వేసినా, ఆమె గొంతు లేని ఇంట్లో నేను ఉండలేను. అది మాత్రం ఆ పూటే తెలిసింది.

సాయంత్రం ఆమె ముందు, నేను వెనక. తెల్లచీరలో డేరాలోకి ఆమె నడిచి వస్తుంటే ఆడవాళ్లు అటూ ఇటూ జరిగి దారి ఇచ్చారు. సంఘం వాళ్లు కొందరు తలల మీద కొంగులు లాక్కుని గోడ వైపు తిరిగారు. ఆమె ఎవరినీ చూడలేదు. మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ రోజు దొర ఇంటి నేలకు రంగు వేస్తున్నాడు. వాకిలి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. అవతల మూలకు చేరితే ఇక బయటికి దారి ఉండదని చూసే ప్రతివాడికీ తెలుస్తోంది, ఆ దొరకు తప్ప. దొరసాని వాకిట్లోకి వచ్చి నోరు తెరిచింది.

"ఏమయ్యా, నీకు బుర్ర ఇచ్చేటప్పుడు దేవుడు యాడికన్నా ఊరికి పోయినాడా?"

మా అత్త విసురుగా లేచి నిలబడింది. మూట చంకలో పెట్టుకుంది. వెనక నుంచి "కూసో, కూసో" అని అరుపులు. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. ఇక అయిపోయింది అనుకున్నాను.

తెర మీద దొర మూలలో గోడకు ఆనుకుని, కుంచె చేత్తో పట్టుకుని, తడి నేల వైపు చూశాడు. తర్వాత దొరసాని వైపు చూశాడు. తల గోక్కున్నాడు.

"మే," అన్నది మా మామ గొంతు, "కంగారు పడబాక. ఆరేదాకా నేనీడే ఉంటా. నువ్వు ఆణ్ణే ఉండు. ఇద్దరం ఏదో ఒకటి మాట్లాడుకుందాం."

మా అత్త నిలబడినదల్లా కూర్చుంది. కూర్చోలేదు, కూలబడింది. జనం నవ్వుతూనే ఉన్నారు. దొర ఒంటికాలి మీద గెంతాడు, జారాడు, రంగు డబ్బా నెత్తిన బోర్లించుకున్నాడు. ఆమె ముందుకు వంగి, ఆ డబ్బా కింద ఉన్న ముఖం ఎవరిదో కనిపెట్టాలన్నట్టు చూస్తోంది. మా మామ గొంతు పలికినప్పుడల్లా ఆమె పెదవులు కదులుతున్నాయి. చెంపల మీద తడి తెర వెలుగులో మెరిసింది. ఆమె తుడుచుకోలేదు.

రీలు అయిపోయి అసలు బొమ్మ మొదలయ్యే ముందే లేచి బయటికి వచ్చింది. స్టేషను రోడ్డు దగ్గర ఒక్క క్షణం ఆగింది. రైలు ఎక్కాలంటే అటు, ఇంటికైతే ఇటు. మూట నా చేతికి ఇచ్చి ఇంటి దారి పట్టింది.

మర్నాడు పొద్దున మా ఆయన అంగడికి వెళ్లబోతూ, తిట్లు తినడానికి సిద్ధపడి తల వంచుకుని ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె చింతపండు గింజలు తీస్తోంది.

"కోపమొస్తే మీ నాయన గొంతు పెంచడు," అంది తల ఎత్తకుండా. "తగ్గిస్తాడు. నువ్వు పెంచినావు. అది తప్పు."

మా ఆయన ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇంగొకటి. నవ్వొచ్చినప్పుడు ముందుగా ముక్కుతో ఊదుతాడు. నీకు గుర్తులేదా?"

"లేదమ్మా."

"ఇట్టా." ఆమె ఊది చూపించింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను.

"ఆయన మాటలు చెప్పుకో," అంది ఆమె. "నా మాటలు మాత్రం ఎవురి నోట్లోనూ పెట్టబాక. నేనింకా బతికే ఉండా. నా మాటలు నేను చెప్పుకోగలను."

అప్పటి నుంచి మా ఇంట్లో వింత పాఠాలు మొదలయ్యాయి. మా ఆయన సాయంత్రం బయలుదేరే ముందు ఆమె పిలిచి కూర్చోబెట్టేది. చలిజ్వరంలో మామ ఎలా మాట్లాడేవాడు, కొట్టంలో ఎద్దును ఎలా పిలిచేవాడు, అబద్ధం చెప్పేటప్పుడు ఎక్కడ ఆగేవాడు, అన్నీ చెప్పేది. ఏడాదిగా ఆ ఇంట్లో పలకని మనిషి పేరు పొద్దున్నే మొదలై దీపాలు పెట్టేదాకా నడిచేది. అన్నం దగ్గర మా ఆయన మామ గొంతుతో "ఇంగొంచెం చారు పొయ్యి మే" అంటే, ఆమె గరిటెతో కొట్టబోయి, చారు పోసేది. ఆమె మాత్రం మళ్లీ డేరాకు వెళ్లలేదు.

అక్కడ దొరసానికి మాట పడిపోయింది. ఆమె నోరు తెరుస్తుంది, మూస్తుంది, శబ్దం రాదు. జనం ఊరుకోలేదు. ఒక రోజు కామాక్షయ్య మా ఇంటి ముందుకు వచ్చి చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"అమ్మా, దొరసానికి మాటలిప్పించండి తల్లీ. రైల్వే వాళ్లు ఈలలేసి డేరా కూలగొడతుండారు."

"ఆయన మాటలు నీకిచ్చినా గదా నాయనా. నావి నాకుండనీ," అంది మా అత్త. మజ్జిగ మాత్రం పోసి పంపింది.

మే నెల చివర సంఘంలో పెద్దల తీర్మానం చదివి వినిపించారు. డేరాకు వెళ్లేవాళ్లకు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే వాటా ఉండదన్నారు. ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, వాక్యం చెప్పే మనిషి ఇంట్లోనే ఇలా జరగడం బాగాలేదని మెత్తగా చెప్పాడు. మగ్దలీనమ్మ సంఘం ముందు నిలబడి, మా అబ్బాయి తప్పు చేశాడని ఒక్క మాట అంటే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడు. ఆమె ఆయన చెప్పినదంతా వింది. ఆదివారం నిలబడింది కూడా. "మా అబ్బాయి తప్పు చేశాడో లేదో దేవుడు చూసుకుంటాడు. నేనూ డేరాకు పోయినా. మళ్లా పోతా," అని చెప్పి కూర్చుంది. వాక్యం చెప్పే పని ఇంకొకామెకు ఇచ్చారు. ఆ పని పోవడం ఆమెకు చిన్న దెబ్బ కాదు. ఆ తెల్లచీర కట్టుకుని పొద్దున్నే సంచి తగిలించుకోవడం, మళ్లీ గుర్తొచ్చి సంచి దించడం నేను చాలా రోజులు చూశాను. అయినా ఆ మాట అన్నందుకు ఆమె ఒక్కసారి కూడా బాధపడలేదు.

జూన్‌లో సముద్రం వైపు మబ్బులు కట్టాయి. కామాక్షయ్య డేరా ఎత్తేస్తున్నాడని తెలిసింది. ఆఖరి ఆటకు మా అత్త ముసుగు లేకుండా, పట్టపగలు బజారుకు వెళ్లినట్టు వెళ్లింది. నేనూ ఎలిశబెతక్కా ఆమె వెంట నడిచాము. ఆమె వస్తున్నట్టు మా ఆయనకు తెలియదు.

గాలికి డేరా గుడ్డ పటపట కొట్టుకుంటోంది. తెర మీద దొరకు ఒక పక్క ఉబ్బు, ఒక పక్క నొక్కు. ఆ రోజు ఆయన కారుతున్న ఇంటి కప్పు బాగుచేస్తున్నాడు. నిచ్చెన వేసుకుని ఎక్కాడు. పైన ఒక రంధ్రం పూడుస్తుంటే పక్కన ఇంకొకటి పడింది. దాన్ని పూడుస్తుంటే కాలు దిగబడింది. కాలు లాక్కునే గొడవలో నిచ్చెనను తన్నాడు. నిచ్చెన కింద పూలమొక్కల్లో పడింది. దొర కప్పు అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. జనం ఇసుకలో పడి దొర్లుతున్నారు.

"ఓమే," అన్నది మా మామ గొంతు. కొంచెం తగ్గించి, కొంచెం సాగదీసి. మా అత్త నేర్పినట్టే ఉంది. "యాడుండావు మే? ఈడ పైన ఒక్కడికే ఏమీ బాగాలేదు."

దొరసాని ఇంట్లోంచి పరుగున బయటికి వచ్చింది. తల పైకెత్తింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. నోరు తెరిచింది. మైకు పలకలేదు. ఇచ్చిన మాట ప్రకారం మా ఆయన తెర వెనక ఊరుకున్నాడు.

"దొరసాని మాట్లాడదేందయ్యా!" అని మగవాళ్ల వైపు నుంచి ఎవరో అరిచారు. ఈలలు మొదలయ్యాయి.

నా పక్కన మా అత్త లేచి నిలబడింది. తెరకూ తనకూ మధ్య ఎవరూ లేనట్టు, వాకిట్లో నిలబడి ఇంటి మీద ఉన్న మనిషిని పిలిచినట్టు, గొంతెత్తి చెప్పింది.

"చేసినంత చాల్లేయ్యా! దిగి రా! అన్నం చల్లారిపోతుండాది!"

డేరా దద్దరిల్లిపోయింది. రైల్వే వాళ్లు మట్టిగోడ మీదికెక్కి చప్పట్లు కొట్టారు. ఎలిశబెతక్క కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వింది. నేను మాత్రం మా అత్త ముఖం చూస్తూ ఉండిపోయాను. ఆమె నవ్వడం లేదు. జవాబు కోసం చూస్తోంది.

తెర మీద దొర చేతులు వదిలేశాడు, పూలమొక్కల్లో పడ్డాడు, ఒళ్లు దులుపుకుని లేచాడు. అప్పుడు మైకులో ముందుగా ముక్కుతో ఊదిన శబ్దం వినపడింది.

"వస్తుండా మే," అన్నాడు మా మామ. "నువ్వు వడ్డించుకోని తిను. నాకోసం చూడబాక."

మా అత్త తల ఊపింది. కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంటికి పోదాం పద అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. ఆ రాత్రి ఆమె మొదటిసారిగా మాకోసం ఆగకుండా కంచం పెట్టుకుని, కడుపునిండా తిన్నది.